అద్దము గల కెమేరా, అద్దము లేని కెమేరా

ఏటేటా మన ఉగాది సంచిక చివరి పుటలలో సభ్యుల గ్రూపు ఫొటో అచ్చు వేయుట మన సంఘములో ఆనవాయితీ. వ్యాసములు చదివినను చదువకున్నను ఆ పుటను చూడకుండ సంచికను మూసినవారు మనలో ఉన్నారనుకోను. ఎవరు ఏ వరుసలో నిలబడినారో, ఎవరి పిల్ల ఎంత ఎదిగినదో చూచుకొనవలెను గదా! 2008 నుండి ఆ ఫొటోలను సంఘము బీరువాలోనున్న నికాన్ డి40 అను కెమేరాతోనే తీయుచున్నాము. ఈ యేడు కార్యవర్గ సమావేశములో దానికి పదవీ విరమణ ఇచ్చి, నికాన్ జెడ్8 అను వృత్తిదారుల కెమేరాను చందాలు వేసికొని కొందమని యువకులు ప్రతిపాదించినారు. ఉన్నది చాలదా అని పెద్దలు అడిగినారు. వాదము గంటసేపు సాగినది గాని, రెండు యంత్రములను ప్రక్క ప్రక్కన పెట్టి చూచినవారు ఆ గదిలో ఒక్కరును లేరు. ఆ పని నాకు అప్పగించినారు. చూచిన సంగతి చెప్పుటకు ముందు ఈ రెండు యంత్రముల వంశావళి కొంత చెప్పవలసియున్నది.

ఫొటోగ్రఫీలో మొదటినుండి రెండు వంశములు కలవు. ఒకటి పనివాని యంత్రము, రెండవది ఇంటివాని యంత్రము. 1839లో పారిస్‌లో డాగేర్ పద్ధతిని లోకమునకు వెల్లడించిన నాటినుండి అర్ధశతాబ్దము వరకు ఫొటో తీయుట పనివారి విద్యగానే ఉండెను. గాజు పలకలు, మందులు, ముక్కాలి పీట, నల్లగుడ్డ — ఇవన్నియు మోయగలవాడే ఫొటోగ్రాఫరు. సికిందరాబాదులో స్టూడియో నడిపి, ఆరవ నిజాము కొలువులో ఫొటోగ్రాఫరుగా పేరొందిన రాజా దీన్ దయాళ్ (1844–1905) ఆ వంశమువారు. 1888లో అమెరికాలో జార్జి ఈస్ట్‌మన్ కోడక్ కెమేరాను విడుదల చేయుటతో ఇంటివాని వంశము మొదలయినది. అందులో నూరు బొమ్మలకు సరిపడు ఫిల్ము ఉండెడిది. అన్నియు తీసిన పిమ్మట కెమేరాను అట్లే కంపెనీకి పంపవలెను. వారు బొమ్మలు కడిగి, కొత్త ఫిల్ము ఎక్కించి తిరిగి పంపెడివారు. 1900లో ఒక్క డాలరుకే బ్రౌనీ అను పెట్టె కెమేరా వచ్చినది. మన దేశములో బరోడాలో తయారయిన అగ్ఫా క్లిక్‌ను పెద్దలలో పలువురు ఎరుగుదురు. 120 సైజు ఫిల్ము చుట్టకు పన్నెండు చదరపు బొమ్మలు. ఎండ ఉంటే చాలు, బొమ్మ వచ్చినట్లే. ఉదకమండలములో 1960లో నెలకొల్పిన హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ వారు 1967 నుండి ఫిల్ము తయారు చేసినారు. వారి 'ఇందు' ఫిల్ము డబ్బాలలో చిల్లర నాణెములు దాచుకొన్న ఇండ్లు మన కాలనీలోనే ఎన్నో కలవు.

పనివాని వంశములోనికి అద్దము వచ్చిన కథ వేరు. కన్ను చూచినదే ఫిల్ముపై పడవలెనన్నచో చూచుటకును తీయుటకును ఒకే లెన్సు ఉండవలెను. అందుకు లెన్సు వెనుక ఒక అద్దమును ఏటవాలుగా నిలిపి వెలుతురును పైకి మళ్ళించినారు. అట్లు మళ్ళిన బొమ్మ కుడియెడమలు తారుమారై కనుపించును. దానిని సరిచేయు అయిదు ముఖముల గాజు దిమ్మను 1949లో డ్రెస్డెన్‌వారు కాంటాక్స్ ఎస్ కెమేరాపై అమర్చినారు. బొమ్మ తీయగానే అద్దము తనంతట తాను స్వస్థానమునకు దిగు ఏర్పాటును 1954లో జపానువారు అసాహిఫ్లెక్స్ కెమేరాలో చేసినారు. ఈ రెండింటిని, మరి కొన్నింటిని కూర్చి 1959లో నికాన్ ఎఫ్ వచ్చి పత్రికల ఫొటోగ్రాఫర్ల చేతికెక్కినది. దాని లెన్సు బిగించు కట్టు ఎట్టిదో, నలుబదియేడేండ్ల తరువాత వచ్చిన మన డి40 కట్టు కూడ అట్టిదే. కొలత మార్చకుండ ఇంతకాలము నడచిన మరొక యంత్రమును చెప్పుమన్నచో నాకు మన బ్రాడ్‌గేజి తప్ప వేరొకటి తోచదు.

అద్దము పని మనవారికి లెవెల్ క్రాసింగు గేటు ఉపమానముతో సులభముగా తెలియును. మామూలుగా వెలుతురు అద్దము మీదుగా కంటికి వచ్చుచుండును. మీట నొక్కగానే అద్దము లేచును, దారి మారును, వెలుతురు వెనుకనున్న సెన్సారుపైకి పోవును. ఆ క్షణములో కంటికి దారి మూతబడును. అనగా మనము ఏ క్షణమును బొమ్మగా పట్టితిమో ఆ క్షణమును మాత్రము మనము చూడము! ఎన్ని వేల ఫొటోలు తీసినవానికైనను ఇది తప్పలేదు.

ఇక ఫిల్ము స్థానములో సెన్సారు వచ్చుట. 1969లో అమెరికాలో బాయిల్, స్మిత్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు సి.సి.డి. అను పరికరమును కనిపెట్టినారు. 2009లో వారికి నోబెల్ బహుమానము లభించినది. 1975లో కోడక్ కంపెనీలోనే స్టీవెన్ సాసన్ అను ఇంజనీరు ఫిల్ము లేని కెమేరాను కట్టినాడు. బరువు 3.6 కిలోలు, బొమ్మకు నూరు నూరులు పదివేల చుక్కలు. ఒక్క బొమ్మ క్యాసెట్ టేపుపైకి ఎక్కుటకు 23 సెకండ్లు పట్టెడిది. అట్టి బిడ్డను కన్న కోడక్ 2012లో దివాలా పిటిషను వేయవలసి వచ్చుట చరిత్రలోని వింత.

డి40ని 2006 నవంబరులో ప్రకటించినారు. 61 లక్షల చుక్కల సి.సి.డి. సెన్సారు, లెన్సుతో కలిపి అమెరికాలో 600 డాలర్లు. బరువు, ఖర్చు తగ్గించుటకు గాజు దిమ్మకు బదులు చిన్న అద్దములు అతికించినారు. నికాన్ డిజిటల్ ఎస్.ఎల్.ఆర్.లలో లోపల ఫోకసు మోటారు లేకుండ వచ్చినది ఇదే మొదటిది. ఫోకసు చుక్కలు మూడే. అయినను చేతికి ఇమిడెడిది, తెలియనివానికి తెలియజెప్పెడిది. బ్రౌనీ వంశమునకు తగిన బిడ్డయే.

రెండేండ్లకు, 2008లో, పానసోనిక్ జి1 వచ్చినది. లెన్సులు మార్చుకొనవచ్చును గాని లోపల అద్దము లేదు. సెన్సారుపై పడిన బొమ్మనే లోపలి చిన్న తెరపై కంటికి చూపును. అద్దము లేకపోవుట మాత్రమే గొప్ప అనుకొనరాదు. 1925లో లైప్‌జిగ్ సంతలో వెలువడిన లైకాకు అద్దము లేదు. బ్రౌనీకి లేదు, మన అగ్ఫా క్లిక్‌కును లేదు! అద్దము చేయు పనిని సెన్సారే చేయుట ఇక్కడి విశేషము. నికాన్‌వారు తమ జెడ్ కట్టును 2018లో తెచ్చినారు. ఎఫ్ కట్టులో లెన్సుకును సెన్సారుకును మధ్య 46.5 మిల్లీమీటర్ల దూరము ఉండవలసివచ్చెడిది, అద్దము లేచుటకు చోటు కావలెను గనుక. జెడ్‌లో అది 16 మిల్లీమీటర్లే. 2023 మేలో వచ్చిన జెడ్8లో అద్దమే కాదు, షట్టరు తెర కూడ లేదు. 4 కోట్ల 57 లక్షల చుక్కలను సెన్సారు అతివేగముగా చదివి ముగించును గనుక తెరతో పని లేకపోయినది. మీట నొక్కినపుడు వినబడు చప్పుడు లోపలి చిన్న స్పీకరు చేయు నాటకమే. వచ్చినపుడు దాని ధర లెన్సు లేకుండగనే 4,000 డాలర్లు ఉండెను.

మన కాలనీలో పెండ్లి ఫొటోలు తీయు కుర్రవాడొకడు జెడ్8 కొన్నాడు. పోయిన సంవత్సరము ఉగాది నాడు అతడు దానితోను, నేను డి40తోను ఒకే చోట నిలబడి ఒకే బొమ్మలు తీసినాము.

మధ్యాహ్నపు గ్రూపు ఫొటోలో నేను ఓడిపోలేదు. నడినెత్తి ఎండలో కనుబొమల క్రింద నీడలు పడును. వాటిని చెరుపుటకు ఫ్లాష్ కావలెను. డి40కి ఫ్లాష్ ఒంటిలోనే ఉన్నది, 1/500 సెకండు వేగములో కూడ పనిచేయును. జెడ్8లో ఫ్లాష్ లేదు. వేరే కొని తగిలించినను సామాన్య పద్ధతిలో 1/250కి మించి పోదు. అతడు నీడలను తరువాత కంప్యూటరులో తేటపరచినాడు. మన సంచికలో అంగుళమునకు 300 చుక్కల చొప్పున అచ్చు వేయుదురు. డి40 బొమ్మ వెడల్పు 3,008 చుక్కలు, అనగా పది అంగుళములు. మన పుట అంత లేదు. రెండింటిని అచ్చు వేయించి కార్యవర్గమునకు చూపగా ఏది దేనితో తీసినదో చెప్పిన ఇద్దరిలో ఒకరు తప్పు చెప్పినారు.

రాత్రి పందిట్లో పిల్లల నాట్యము మొదలయినపుడు నా పని అయిపోయినది. డి40 నిబ్బరముగా నడచునది 1600 ఐ.ఎస్.ఓ. వరకే. నా లెన్సు 5.6కి మించి తెరచుకొనదు. వేగము 1/30 దాటలేదు. పిల్లల ముఖములు వచ్చినవి గాని చేతులు పొగవలె చెదరిపోయినవి. అతడు 2.8 లెన్సుతో, 6400 ఐ.ఎస్.ఓ.లో, 1/500 వేగముతో గజ్జెల మువ్వలు లెక్కపెట్టునట్లు తీసినాడు. న్యాయముగా చెప్పవలెనన్నచో ఆ పదహారింతల వేగములో నాలుగింతలు లెన్సు పుణ్యము, నాలుగింతలు కెమేరాది. పెద్ద చుక్క ఎక్కువ వెలుతురు పట్టునని కొందరందురు. చుక్కకు చుక్క పోల్చినచో డి40 చుక్క వైశాల్యము మూడింతలకు పైనే. అయినను జెడ్8 గెలుచుటకు కారణము సెన్సారు మొత్తము వైశాల్యము రెండింతలకు పైగా ఉండుట, ఈ పదునేడేండ్లలో సెన్సారు లోపలి రొద బాగుగా తగ్గుట. నా మూడు ఫోకసు చుక్కలకు బదులు అక్కడ 493. అవి కన్నును వెదకి పట్టును. ఆ యంత్రము గుర్తుపట్టు వస్తువుల పట్టికలో మనుషులు, పక్షులు, విమానములతోపాటు రైలు కూడ ఉన్నదని తెలిసి మా ఆఫీసులో అందరు సంతోషించినారు.

ఇంకొక లెక్క ఉన్నది. అది ఎవరును సమావేశములో ఎత్తలేదు. ఇంట పెద్దవారు పోయినపుడు దండ వేయుటకు ఫొటో లేక, గ్రూపు ఫొటోలోనుండి ముఖము కత్తిరించి పెద్దది చేయించుట మనలో చాలమంది చేసిన పనియే. వరుసకు ఇరువదిమంది నిలబడినచో డి40 బొమ్మలో ఒక్కొక్కరి వాటా 150 చుక్కలు, అనగా అచ్చులో అర అంగుళము. దానిని గోడకెక్కించిన ముఖములు మీరు చూచియే ఉందురు. అవి ముఖములు కావు, మేఘములు. జెడ్8లో ఆ వాటా 412 చుక్కలు, సరిగా పాస్‌పోర్టు ఫొటో వెడల్పు. కొనవలెనని నేను ఓటు వేయుట ఈ లెక్క చూచియే గాని మువ్వలు చూచి కాదు.

కొన్న తరువాత భద్రపరచుట మాట. దీన్ దయాళ్‌గారి గాజు పలకలు నూరేండ్లు దాటినను దిల్లీలో ఇందిరా గాంధీ జాతీయ కళాకేంద్రములో ఉన్నవి. మన సంఘమువి? 2009 నుండి 2015 వరకు తీసిన ఫొటోలన్నియు ఒక హార్డుడిస్కులో నా దగ్గరనే ఉండెడివి. రెండవ ప్రతి చేయుమని గుర్తుచేసినవారు ఉన్నారు. రేపు మాపు అని నేనే వాయిదా వేసినాను. 2016 ఎండాకాలములో అది తిరుగుట మానివేసినది. బాగుచేయించుటకు భువనేశ్వరము తీసికొనిపోయినను ఏమియు రాలేదు. సంచికలలో అచ్చయినవి, ప్రింట్లు తీయించి ఇండ్లలో పెట్టుకొన్నవి మాత్రమే మిగిలినవి. జెడ్8 ముడి ఫైలు ఒక్కొక్కటి 50 మెగాబైట్ల దరిదాపు ఉండును. సెకండుకు ఇరువది తీయును. కెమేరాతోపాటు రెండు డిస్కులకు, ఏడాదికి ఒక ఆల్బము ప్రింట్లకు కూడ డబ్బు కేటాయించవలెనని తీర్మానములో వ్రాయించినాను. డిస్కులలో ఒకటి నా ఇంట ఉండరాదని కూడ.

డి40ని 2008లో కొన్నది, పదేండ్లు దానితో ఫొటోలు తీసినది అప్పటి కోశాధికారి, రిటైరయిన గార్డు తాతగారు. నాకు కెమేరా పట్టుట నేర్పినది ఆయనే. 2019లో ఆయన స్వర్గస్థులయినారు. తీయువాడు ఎప్పుడును బొమ్మలో ఉండడు గనుక మన సంచికలన్నింట వెదకినను ఆయన కనుపించరు. 2013 ఉగాది నాడు మాత్రము కెమేరాను కుర్చీపై పెట్టి, పది సెకండ్ల టైమరు నొక్కి, పంచె ఎగగట్టి పరుగెత్తి వచ్చి రెండవ వరుస చివర నిలబడినారు. అందరు నవ్వుచుండగా పడిన ఫొటో అది. ఒకరు కళ్ళు మూసినారని సంచికలో అది వేయక వేరొకటి వేసినాము. ఆ నవ్వుల ఫొటోకు అప్పుడు అయిదారు ప్రింట్లు తీయించి అడిగినవారికి ఇచ్చినట్లు నాకు జ్ఞాపకము. ఎవరి ఇంటనైనను, ఏ పెట్టె అడుగుననైనను అది దొరికినచో దయచేసి ఒక్క దినము సంఘ కార్యాలయమునకు తెండు. మీ యెదుటనే ప్రతి తీసికొని అసలు మీకే ఇచ్చివేయుదును.