ఉదయింపని రాశులు

పురుడు వచ్చిన యింట శిశుజనన కాలమును గుర్తించి వ్రాసియుంచుట మన గ్రామములలో తరతరములుగా వచ్చుచున్న యాచారము. ఆ కాలమును, ఆ యూరి పేరును చెప్పినచో దైవజ్ఞుడు పంచాంగము ముందిడుకొని, సూర్యోదయము మొదలు గడచిన ఘడియలను లెక్కించి, లగ్నము కట్టి, పండ్రెండు గదుల చక్రము వేసి యిచ్చును. ఇందు ఊరి పేరు ఏల కావలసి వచ్చినదని సామాన్యముగా ఎవరును అడుగరు. నెల్లూరైనను, బెజవాడయైనను, శ్రీకాకుళమైనను అక్షాంశమువలన లగ్నమునకు వచ్చు భేదము స్వల్పము. కాని ఉత్తరముగా పోయినకొలది ఈ ఊరి పేరే లెక్కనంతయు శాసింపసాగును. ఒకానొక హద్దు దాటిన పిమ్మట లగ్నమే తలక్రిందులగును. ఆ హద్దునకు ఆవల జన్మించినవారికి చక్ర మెట్లు వేయవలెనను ప్రశ్నకు ఎనిమిది వందల యేండ్లకు మించిన చరిత్ర కలదు. అందు మన సిద్ధాంతకర్తల పాలు గొప్పది.

శిశుజనన క్షణమున తూర్పు క్షితిజమునందు ఉదయించుచున్న రాశిభాగమే లగ్నము. సూర్యుడు ఏడాది పొడుగున నడచుచున్నట్లు కనిపించు ఆకాశమార్గమునకు క్రాంతివృత్తమని పేరు. దానినే పండ్రెండు రాశులుగా భాగించిరి. ఈ వృత్తము వాలుగా నుండుటచే రాశులన్నియు సమాన కాలమున ఉదయింపవు. భూమధ్యరేఖమీద మేషము 278 విఘడియలలోను, వృషభము 299 విఘడియలలోను, మిథునము 323 విఘడియలలోను ఉదయించునని పూర్వులు లెక్కించి, వానికి లంకోదయములని పేరిడిరి. సిద్ధాంతములలోని లంక యనగా ఉజ్జయినీ రేఖయు భూమధ్యరేఖయు కలియు స్థానమే కాని నేటి సింహళము కాదు. ఈ లంకోదయములనుండి ఆయా యూరి చరఖండములను తీసివేసినచో, లేక కలిపినచో, ఆ యూరి ఉదయకాలములు తేలును. బెజవాడకు ఈ లెక్క వేసినచో మేషమునకు 242 విఘడియలు, కర్కాటకమునకు 335 విఘడియలు వచ్చును. లండను నగరమున మేషము సుమారు 130 విఘడియలలోనే, అనగా రెండు ఘడియల పై చిల్లరలోనే, ఉదయించి ముగియును. ఇచ్చట చెప్పిన రాశులన్నియు సాయన రాశులని గ్రహింపవలెను. మన పంచాంగములలోని నిరయన రాశులకై నేడు సుమారు 24 అంశల అయనాంశను తీసివేయవలసియుండును.

ఇట్లు ఉత్తరమునకు జరిగినకొలది మేషోదయ కాలము కుంచించుకొని పోవుచుండును. 66 అంశల 34 కలల అక్షాంశమున అది పూర్తిగా సున్న యగును. ఆ రేఖపైని ప్రతిదినమును ఒక్క క్షణము క్రాంతివృత్తమంతయు క్షితిజముతో ఏకమగును. పళ్లెముమీద పళ్లెము బోర్లించినట్లు రెండు వృత్తములును అంచుకు అంచు కలియును. మరుక్షణమున మకరము మొదలు మిథునము వరకు గల ఆఱు రాశులును ఒక్క పెట్టున ఉదయించును. తక్కిన ఆఱింటికి దినమంతయు పట్టును. ఆ యొక్క క్షణమున తూర్పున ఉదయించుచున్న రాశి ఏది యని అడిగినచో సమాధానము లేదు.

ఇట్టి దేశములున్నవని మన సిద్ధాంతకర్తలు అచ్చటికి పోయి చూచి వ్రాయలేదు. గోళమును మనస్సున నిలుపుకొని లెక్కవలన తెలిసికొనిరి. భూమధ్యరేఖపై నక్షత్రములు బావిగిలకవలె నిలువుగా తిరుగును. మేరువునందు, అనగా ఉత్తర ధ్రువమునందు, తిరుగలివలె అడ్డముగా తిరుగును. ఈ రెంటికిని నడుమ ఏయే రాశి ఎచ్చట కనబడకుండ పోవునో లెక్కింపవచ్చును. సూర్యసిద్ధాంతముయొక్క భూగోళాధ్యాయము ఈ విషయమును క్రమముగా చెప్పుచున్నది. మొదట అరువది ఘడియల పగలు కలుగు చోటు. దానికి పైన ధనుర్మకరములు కానరాని చోటు. ఇంకను పైన వృశ్చికకుంభములుకూడ కానరాని చోటు. తుదకు మేరువున రాశిచక్రములో సగము ఎన్నడును ఉదయింపదు. దేవతలకు ఆఱు మాసములు పగలు, ఆఱు మాసములు రాత్రి యని పురాణశ్రవణమున వినియుండు మాటకు ఇచ్చట గణితరూపము కలిగినది.

భాస్కరాచార్యుడు 1150లో రచించిన సిద్ధాంతశిరోమణియందలి గోళాధ్యాయమున ఈ హద్దులను అంకెలతో నిర్ణయించెను. అక్షాంశము 69 అంశల 20 కలలైన చోట ధనుర్మకరములు ఎన్నడును ఉదయింపవు. మిథున కర్కాటకములు ఎన్నడును అస్తమింపవు. 78 అంశల 15 కలల చోట వృశ్చికము, ధనుస్సు, మకరము, కుంభము నాలుగును కానరావు. తనకు పూర్వుడైన లల్లాచార్యుడు ఈ హద్దులను సుమారు మూడంశలు తగ్గించి చెప్పెనని భాస్కరుడు ఆక్షేపించెను. జనులు ఎన్నడును పోని, పోవుదురని తలంపని చోటును గురించి మూడంశల తప్పు దొర్లినదని ఒక పండితుడు వేరొక పండితుని నిలదీయుట ఆనాటి గణకుల పట్టుదలకు నిదర్శనము. నేటి పరమక్రాంతి 23 అంశల 26 కలలు గైకొని లెక్కించినను ఆ హద్దులు 69 అంశల 51 కలలు, 78 అంశల 32 కలలు అగుచున్నవి. భాస్కరుడు 24 అంశల పరమక్రాంతిని వాడుటయే ఈ స్వల్పభేదమునకు ముఖ్య కారణము. ఆతని రీతిలో లోపము లేదు.

ఇంచుమించు నూరేండ్ల తరువాత, పదుమూడవ శతాబ్దియందు, పారిసు నగరమున బోధించిన సాక్రొబోస్కో యను పండితుడు గోళమును గూర్చి ఒక చిన్న గ్రంథము వ్రాసెను. ఐరోపా విద్యాపీఠములలో నది కొన్ని శతాబ్దులు పాఠ్యగ్రంథమై వెలసెను. అందు హద్దునకు ఆవలి దేశములను గూర్చిన విచిత్రమైన విషయ మొకటి కలదు. అచ్చట మేషముకంటె ముందు వృషభము, మీనముకంటె ముందు మేషము, కుంభముకంటె ముందు మీనము ఉదయించును. వానికి ఎదుటి రాశులు మాత్రము సవ్యక్రమముననే ఉదయించును.

నేటి నార్వే దేశమున ట్రామ్సో పట్టణము ఇందుకు మంచి యుదాహరణము. దాని అక్షాంశము 69 అంశల 39 కలలు. అనగా భాస్కరుని మొదటి హద్దుమీదనే యున్నదనవచ్చును. అచ్చట మే మూడవ వారము మొదలు జూలై మూడవ వారము దాటువరకు సూర్యుడస్తమింపడు. సూర్యోదయమే లేనప్పుడు సూర్యోదయాది ఘడియల లెక్క ఎట్లును పొసగదు; గడియారమును ఆశ్రయింపవలసినదే. అయినను సూర్యుడస్తమింపకపోవుట లగ్నమునకు అడ్డు కాదు. చిక్కు వేరొక చోట నున్నది. ఆ పట్టణమున సింహము, కన్య, తుల, వృశ్చికము ఈ నాలుగు రాశులు దినమున సుమారు 50 ఘడియలసేపు వరుసగా ఉదయించుచుండును. వృశ్చికము ముగియగానే ధనుస్సు రాదు. తూర్పున నుండవలసిన లగ్నబిందువు పడమటికి దాటిపోవును. దాని ఎదుటిదైన వృషభము తూర్పుదిక్కును ఆక్రమించును. పిమ్మట వృషభము, మేషము, మీనము, కుంభము అను నాలుగును వెనుకనుండి ముందునకు సుమారు 10 ఘడియలలో ఉదయించి ముగియును. మరల లగ్నము ఒక్క గంతున సింహమునకు పోవును. ధనుర్లగ్నమున, మకరలగ్నమున, మిథునలగ్నమున, కర్కాటకలగ్నమున జన్మించువారు ఆ యూర ఇంచుమించుగా ఉండరన్నమాట.

లగ్నమునకే ఇట్టి గతి పట్టినప్పుడు దశమ లగ్నము సంగతి చెప్పనేల? యామ్యోత్తరరేఖను క్రాంతివృత్తము దక్షిణమున తాకు బిందువే దశమము. మన యూళ్లలో నది ఎల్లప్పుడును ఆకాశమధ్యమున, తల కెత్తుగా నుండును. ట్రామ్సోలో ఆ విపరీత కాలమగు పది ఘడియలును అది క్షితిజమునకు దిగువ, నేలచాటున, నుండును. దానిని దశమమనుటయా, క్షితిజమునకు పైన ఉత్తరముగా నున్న ఎదుటి బిందువును దశమమనుటయా? తూర్పు బిందువే లగ్నమని పట్టుబట్టినచో దశమము ఉత్తరమునకు మారవలెను. దక్షిణ బిందువే దశమమన్నచో లగ్నము పడమటికి పోవలెను. నేటికిని ఇందు రెండు పక్షములు కలవు. ఏ పక్షమువారును రెండవవారిని ఒప్పింపలేకపోయిరి.

ఇక భావముల సంగతి. రాశినే భావముగా గైకొనుట మిక్కిలి ప్రాచీనమైన పద్ధతి. మన చతురస్రపు రాశిచక్రము దానినే యనుసరించుచున్నది. లగ్నమునకును దశమమునకును నడుమ గల భాగమును మూడు సమభాగములు చేయుట రెండవ పద్ధతి. దీనిని పాశ్చాత్యులు మూడవ శతాబ్దివాడైన పోర్ఫిరీ పేర చెప్పుదురు. మన దేశమున పదునొకండవ శతాబ్దివాడైన శ్రీపతి ఇదే విభాగమును జాతకపద్ధతియందు స్థిరపఱచెను. పోర్ఫిరీ విభాగబిందువులను భావముల ఆదులుగా గైకొన్నచో, శ్రీపతి వానిని భావమధ్యములుగా గైకొనెను, భేదమంతే. పదునైదవ శతాబ్దియందు రెజియోమొంటానస్ యను జర్మను గణకుడు విషువద్వృత్తమును పండ్రెండు సమభాగములు చేసి భావములను సాధించెను. పదునేడవ శతాబ్దియందు ఇటలీ దేశపు సన్న్యాసి ప్లాసిడస్ (1603–1668) ఆకాశమునకు మారుగా కాలమునే విభజించెను. ఒక బిందువు ఉదయించినది మొదలు మధ్యరేఖను చేరువరకు పట్టు కాలములో మూడవవంతు గడచినచో అది పండ్రెండవ భావాది. రెండు వంతులు గడచినచో పదునొకండవ భావాది.

ఆలోచన రమణీయమైనదే. కాని ఎన్నడును ఉదయింపని, ఎన్నడును అస్తమింపని బిందువునకు ఉదయకాల మెక్కడిది? దానిలో మూడవవంతు ఎక్కడిది? విత్తని చేనికి కోతదినము నిర్ణయించినట్లే యుండును. ధ్రువవృత్తము దాటగానే ప్లాసిడస్ భావములు నిలువవు. పూర్ణముగా లెక్క కుదిరిన గడియలు కొన్ని యున్నను, కుదరని గడియలు వానిని వెన్నంటియే యుండును. ఇది ప్లాసిడస్ ఎఱుగని విషయమనుటకు వీలు లేదు, గణితమున నాతడు సామాన్యుడు కాడు. ఆయన జీవించిన పెరుజియా, పావియా నగరములు 43, 45 అంశల చోట్ల నున్నవి. అచ్చటి పృచ్ఛకులలో ధ్రువసీమవాసు లెవ్వరును లేరు.

ఇంత లోపమున్న పద్ధతి లోకమంతట వ్యాపించుటకు కారణము దాని శ్రేష్ఠత యనుకొనరాదు. అచ్చుయంత్రమే ముఖ్య కారణము. పందొమ్మిదవ శతాబ్దియందు ఇంగ్లండున రాఫెలు పేర వెలువడిన గ్రహస్థితి పుస్తకములలో ప్లాసిడస్ భావపట్టికలు ముద్రితమైనవి. చౌకగా దొరకిన పట్టికనే జనులు వాడిరి. మన దక్షిణ దేశమున కె. ఎస్. కృష్ణమూర్తి (1908–1972) ఏర్పఱచిన పద్ధతియు ప్లాసిడస్ భావములనే గైకొనెను. తెలుగునాట ఆ పద్ధతి ననుసరించు దైవజ్ఞులు పలువురు కలరు. తమ చేతిలోని పట్టిక పెరుజియా సన్న్యాసి ఆలోచనయని వారిలో అందఱు ఎఱిగియుండకపోవచ్చును.

ఇరువదవ శతాబ్దియందు ధ్రువసీమ జనశూన్యముగా నుండలేదు. రష్యాలో 1916లో వెలసిన మూర్మాన్స్కు నగరము ధ్రువవృత్తమునకు ఆవల నున్న నగరములలో కెల్ల పెద్దది. దాని జనసంఖ్య రెండున్నర లక్షలకు పైబడినది. అచ్చటి పురిటిగదులలో శిశువులు ఉదయింపని రాశుల నడుమనే పుట్టుచున్నారు. ఇంగ్లండున మార్గరెట్ హోను 1951లో వెలువరించిన పాఠ్యగ్రంథమున లగ్నమునుండి ముప్పదేసి అంశలకు ఒక భావము చొప్పున గైకొను సమభావ పద్ధతిని బోధించెను. లగ్నము దొరకినంత మేర అది ఎచ్చటనైనను సాగును. ఆ కాలముననే జర్మనీ దేశపు వాల్టరు కోహ్ (1895–1970) నూతన పద్ధతి నొకదానిని ప్రచారము చేసెను. విచిత్రమేమనగా, ధ్రువసీమలో నగరములు వెలసిన తరువాత పుట్టినదయ్యును, ఆ నూతన పద్ధతియు ధ్రువవృత్తము దాటలేకపోయినది.

1997లో స్విట్జర్లాండునుండి స్విస్ ఎఫిమెరిస్ యను కంప్యూటరు గణితసాధనము వెలువడినది. నేడు లోకమున వాడుకలో నున్న జాతకగణన యంత్రములలో పెక్కింటికి అదియే ఆధారము. ధ్రువవృత్తమునకు ఆవలి జననకాలము నిచ్చి ప్లాసిడస్ భావములు అడిగినచో, అది లెక్క కుదరదని సూచించి, మారుగా పోర్ఫిరీ విభాగము నిచ్చును. అనగా శ్రీపతి చేసిన విభాగమునే యిచ్చును. తెఱపై చక్రము మాత్రము ఎప్పటివలెనే నిండుగా కనబడును. ఆ సూచనను గమనింపనివాడు తాను ఒక పద్ధతిని పట్టుకొని యున్నాననుకొని వేఱొక పద్ధతి ఫలములు చదువుచుండును. ఫలభాగమునందు విశ్వాసము ఉన్నవారైనను, లేనివారైనను ఇచ్చట గమనింపవలసిన దొకటి కలదు. రాశులు ఉదయించుట, ఉదయింపకుండుట ఆకాశమునకు చెందిన విషయము. పండ్రెండు భావములు మాత్రము మనుష్యుడు గీచుకొన్న గీతలు. ముప్పది, నలువది అక్షాంశములలో నివసించినవారు తమ తలపై నున్న ఆకాశమునకు అనుగుణముగా వానిని గీచికొనిరి.

1978 జనవరిలో అంటార్కిటికాయందు అర్జెంటీనావారి ఎస్పెరాంజా స్థావరమున ఒక శిశువు జన్మించెను. ఆ ఖండమున జన్మించిన మొదటి శిశువని నాడు పత్రికలన్నియు వ్రాసెను. ఆ స్థావరము 63 అంశల చిల్లరలోనే యుండుటచే ఆ బిడ్డ లగ్నమునకు చిక్కు రాలేదు. భారతదేశము దక్షిణమున నెలకొల్పిన మైత్రి (1989), భారతి (2012) స్థావరములు 70 అంశల 46 కలలు, 69 అంశల 24 కలల చోట్ల నున్నవి. అచ్చట దిక్కు మారుటచే ఉదయింపనివి మిథున కర్కాటకములగును. ఉత్తరమున నార్వేవారి స్వాల్‌బార్డు దీవులలో నీ-ఒలెసున్ను చెంత 2008లో మన శాస్త్రజ్ఞులు హిమాద్రి యను పరిశోధనస్థానమును తెఱచిరి. దాని అక్షాంశము 78 అంశల 55 కలలు. భాస్కరాచార్యుడు గీచిన రెండవ హద్దును అది దాటినది. శీతకాలపు రాత్రి ఎంత దీర్ఘమైనను, అచ్చటినుండి చూచువారికి వృశ్చికము, ధనుస్సు, మకరము, కుంభము నాలుగును క్షితిజమునకు దిగువనే యుండును.