కవ్వించినవాడికి కార్డేదీ?

1863 చివర్లో లండన్‌లోని ఫ్రీమేసన్స్ టావెర్న్‌లో కొన్ని క్లబ్బుల పెద్దలు ఫుట్‌బాల్‌కు నియమాలు రాయడానికి వారాల తరబడి కూర్చున్నారు. వాళ్ళను రెండుగా చీల్చిన తగాదాల్లో ఒకటి, బంతితో పరుగెత్తేవాడి కాళ్ళ మీద బూటుతో తన్నవచ్చా కూడదా అన్నది. కూడదన్నవాళ్ళు నెగ్గారు. తన్నులు తీసేస్తే ఆటలో ధైర్యానికి చోటెక్కడిదని వాదించిన బ్లాక్‌హీత్ క్లబ్బు సంఘం నుంచి తప్పుకుని, తర్వాత రగ్బీ వైపు వెళ్ళింది. ఇవాళ ప్రపంచమంతా ఆడుతున్న ఆట తన్నులు వద్దన్నవాళ్ళ చేతుల్లో పుట్టింది.

అప్పటికింకా ఆటగాళ్ళకు జీతాల్లేవు. డబ్బు తీసుకుని ఆడటాన్ని ఇంగ్లండ్ సంఘం 1885లో ఒప్పుకుంది. 1891లో పెనాల్టీ కిక్ వచ్చింది. ఐర్లండ్ గోల్‌కీపర్ విలియం మెక్రమ్ ఆలోచన అది. గోల్ ముందు కావాలని పడదోసేవాళ్ళను ఆపడానికి ఆయన ఆ మార్గం చెబితే పెద్దింటి ఆటగాళ్ళకు తలవంపుగా తోచింది. పెద్దమనిషి కావాలని తప్పు చేస్తాడని ముందే అనుకుని నియమం రాయడమేమిటని వాళ్ళ కోపం. డబ్బు వచ్చాకే క్రీడాస్ఫూర్తి చెడిందని ఇప్పటికీ చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. తన్నే హక్కు కోసం పట్టుబట్టి బయటికి నడిచినవాళ్ళు పైసా తీసుకోకుండా ఆడినవాళ్ళే. డబ్బు చేసిన పని వేరు. ఎదుటి జట్టులో మంచి ఆటగాడొకడు మైదానం వదిలి వెళ్తే తమకెంత లాభమో అది లెక్క కట్టి చూపించింది. ఆ లెక్క తెలిశాక ఉడికించడం కూడా ఒక విద్య అయింది. మోచేత్తో పొడవడం, మడమ తొక్కడం, రిఫరీ అటు తిరగ్గానే చొక్కా గుంజడం, చెవి దగ్గరకొచ్చి అమ్మనో అక్కనో తిట్టడం. తిరగబడినవాడు దొరికిపోతాడు, కయ్యానికి కాలు దువ్వినవాడు దొరకడు. దెబ్బలను అదుపు చేయడంలో ఫుట్‌బాల్ ఈ నూట అరవై ఏళ్ళలో చాలా దూరం వచ్చింది. కవ్వింపు విషయంలో మాత్రం ఇంకా ఓనమాల దగ్గరే ఉంది.

1962 ప్రపంచకప్ చిలీలో జరిగింది. అంతకు రెండేళ్ళ ముందు ఆ దేశాన్ని 9.5 తీవ్రతతో భూకంపం కుదిపేసింది. కొలతకు అందిన భూకంపాల్లో దాన్ని మించింది లేదు. కూలిన ఊళ్ళను లేపుకుంటూనే చిలీ ఆతిథ్యానికి సిద్ధమైంది. సరిగ్గా అప్పుడు ఇటలీ నుంచి వచ్చిన ఇద్దరు విలేకరులు, ఆంతోనియో గిరెల్లి, కొర్రాదో పిజ్జినెల్లి, ఆ దేశాన్ని ఆకలికీ నిరక్షరాస్యతకూ తాగుడుకూ ఆలవాలమని చిత్రిస్తూ తమ పత్రికలకు రాశారు. ఆ రాతలు చిలీ పత్రికల్లోకి ఎక్కడంతో జనం భగ్గుమన్నారు. విలేకరులిద్దరూ దేశం వదిలి వెళ్ళాల్సి వచ్చింది. వాళ్ళ దేశపు జట్టు మాత్రం జూన్ 2న శాంటియాగోలో చిలీతో ఆడాల్సి ఉంది.

ఆట మొదలైన పన్నెండు సెకన్లకే మొదటి ఫౌల్ పడింది. ఇటలీ ఆటగాడు జార్జో ఫెర్రీనిని రిఫరీ కెన్ ఆస్టన్ బయటికి పొమ్మంటే అతను కదలలేదు. పోలీసులు వచ్చి తీసుకెళ్ళారు. చిలీ వింగర్ లియోనెల్ సాంచెజ్ ఒక బాక్సర్ కొడుకు. తనను కింద పడేసి తన్నిన మారియో డేవిడ్‌ను ఎడమచేత్తో ఒక్కటి గుద్దాడు. రిఫరీ ఏమీ అనలేదు. కాసేపటికి డేవిడ్ ఎగిరి సాంచెజ్ మెడ మీద తన్నాడు. ఈసారి శిక్ష పడింది, డేవిడ్ బయటికెళ్ళాడు. సాంచెజ్ మరో గుద్దుకు ఉంబెర్తో మాస్కియో ముక్కు విరిగింది. దానికీ శిక్ష లేదు. తొమ్మిదిమందితో మిగిలిన ఇటలీ మీద చిలీ 2-0తో గెలిచింది. ఆ ఫిల్మ్ చూస్తే అందరూ ఒళ్ళు మరిచి కొట్టుకున్నట్టే కనిపిస్తారు. నా లెక్కలో మొదటి దెబ్బ అచ్చులోనే పడింది. ఇల్లు కూలిపోయినవాడిని పేదవాడివని ఎగతాళి చేసి, ఆనక మైదానంలో అతని దగ్గర మర్యాద ఆశించడం న్యాయం కాదు.

అదే ఏడాది, దాదాపు మూడు నెలలకు, మరో రాజధానిలో ఇంకో జట్టు ఇంతకన్నా పెద్ద కోపానికి ఎదురు నిలబడింది. జకార్తా ఆసియా క్రీడలకు ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులను రానివ్వకపోవడాన్ని భారత క్రీడాధికారి జి.డి. సోంధీ తప్పుబట్టారు. ఇండోనేషియాలో ఆగ్రహం పెల్లుబికింది, భారత రాయబార కార్యాలయం మీద దాడి జరిగింది. సెప్టెంబర్ 4న ఫుట్‌బాల్ ఫైనల్‌కు వచ్చిన జనసముద్రం భారత జట్టు పేరు వినబడితే చాలు అరుపులతో హోరెత్తించింది. అవతలి జట్టు దక్షిణ కొరియా, మొదటి మ్యాచ్‌లో మనల్ని 2-0తో ఓడించినదే. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు అంతకుముందు ఒక మ్యాచ్‌లో గాయమై కుట్లు పడ్డాయి. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ అతన్ని కూర్చోబెట్టలేదు, ముందు వరుసలోకి తెచ్చారు. పి.కె. బెనర్జీ ఒక గోల్ వేశాడు. కుట్లున్న తలతో ఆడుతున్న జర్నైల్ ఇంకొకటి వేశాడు. 2-1తో బంగారు పతకం మనదయింది. అరుపులకు బంతితో తప్ప ఇంకే రకంగానూ మన జట్టు బదులివ్వలేదు.

రహీమ్ హైదరాబాద్‌లో బడిపంతులు. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును తీర్చిదిద్ది, వరసగా ఐదేళ్ళు రోవర్స్ కప్ గెలిపించారు. జకార్తా నాటికే ఆయన ఒంట్లో కేన్సర్ ఉంది. మరుసటి ఏడాది జూన్‌లో కన్నుమూశారు. క్రీడాస్ఫూర్తి అంటే మెత్తదనం అనుకునేవాళ్ళకు చూపించాల్సింది ఆ జట్టునే. ఆ స్థైర్యం గట్టి శిక్షణతో వచ్చింది. ఆ పంతులుగారిని మన ఊరు గుర్తుపెట్టుకోవాల్సినంతగా గుర్తుపెట్టుకోలేదన్న బాధ నాకుంది.

శాంటియాగో రిఫరీ కెన్ ఆస్టన్ నాలుగేళ్ళ తర్వాత ఇంగ్లండ్ ప్రపంచకప్‌లో రిఫరీల బాధ్యత చూస్తున్నారు. వెంబ్లీలో ఇంగ్లండ్-అర్జెంటీనా క్వార్టర్‌ఫైనల్. అర్జెంటీనా కెప్టెన్ ఆంతోనియో రతీన్‌ను జర్మన్ రిఫరీ రుడాల్ఫ్ క్రైట్‌లైన్ బయటికి పంపాడు. రతీన్‌కు జర్మన్ రాదు, రిఫరీకి స్పానిష్ రాదు. దుబాసీ కావాలని పట్టుబట్టి రతీన్ చాలాసేపు మైదానం వదల్లేదు. ఆట ముగిశాక ఇంగ్లండ్ మేనేజర్ ఆల్ఫ్ రామ్సే తన ఆటగాడు ప్రత్యర్థితో చొక్కా మార్చుకోబోతుంటే చెయ్యి పట్టి ఆపాడు. అర్జెంటీనా వాళ్ళను జంతువులతో పోల్చాడు. ఆ మాటకు రెండు దేశాల మధ్య రాజుకున్న పగ దశాబ్దాలపాటు ప్రతి మ్యాచ్‌కూ వెంటబడింది. ఎవరికి హెచ్చరిక, ఎవరికి బహిష్కరణ అన్నది ఎవరికీ అర్థం కాకపోవడం ఆస్టన్‌ను కలవరపెట్టింది. కెన్సింగ్టన్ రోడ్డు మీద కారు నడుపుతూ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఆయనకు ఉపాయం తట్టింది. పసుపు అంటే హెచ్చరిక, ఎరుపు అంటే బయటికి. 1970 మెక్సికో ప్రపంచకప్‌కు ఆ కార్డులు రిఫరీల జేబుల్లోకి చేరాయి. అదే 1966లో బల్గేరియా, పోర్చుగల్ డిఫెండర్లు పెలేను వెంటాడి తన్నారు. మారుగా ఇంకొకరిని దింపే వీలు అప్పుడు లేదు కాబట్టి ఆయన కుంటుతూనే ఆడారు. ఇక ప్రపంచకప్ వద్దనుకున్న మనిషి మనసు మార్చుకుని మెక్సికోకు రావడం ఆటకు దక్కిన భాగ్యం.

కార్డులు వచ్చినా రిఫరీ చూస్తేనే కదా. 1982 జూలై 8న సెవిల్‌లో జరిగిన సెమీఫైనల్‌లో పశ్చిమ జర్మనీ గోల్‌కీపర్ హరాల్డ్ షూమాకర్ గాల్లోకి లేచి ఫ్రాన్స్ ఆటగాడు పాట్రిక్ బాటిస్టన్‌ను ఢీకొట్టాడు. బాటిస్టన్ పళ్ళు ఊడాయి, వెన్నుపూస దెబ్బతింది, స్పృహ పోయింది. రిఫరీ కనీసం ఫౌల్ కూడా ఇవ్వలేదు. మరుసటి ఏడాది బార్సిలోనాలో ఆందోని గోయికొచెయా వెనక నుంచి తన్ని మారడోనా చీలమండ విరగ్గొట్టాడు. మైదానంలోని పెనుగులాట గ్యాలరీలకు అంటుకుంటే ఏమవుతుందో మన దేశమూ చూసింది. 1980 ఆగస్టు 16న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్-ఈస్ట్ బెంగాల్ మ్యాచ్‌లో ఇద్దరు ఆటగాళ్ళు తలపడ్డారు. ఆ వేడి స్టాండ్లలోకి పాకి తొక్కిసలాటగా మారింది. పదహారుమంది అభిమానులు ఇంటికి తిరిగి రాలేదు. ఏటా ఆ రోజున అక్కడ వాళ్ళ పేరిట రక్తదానం చేస్తారు.

కవ్వింపు ఎంత పకడ్బందీగా పనిచేస్తుందో తొంభైల దశకం చూపించింది. 1995 జనవరి 25న లండన్‌లోని సెల్‌హర్స్ట్ పార్క్‌లో మాంచెస్టర్ యునైటెడ్ ఆటగాడు ఎరిక్ కాంటోనా, తనను వదలకుండా అంటిపెట్టుకున్న డిఫెండర్‌ను తన్ని ఎర్రకార్డు తెచ్చుకున్నాడు. బయటికి నడుస్తుంటే ఒక ప్రేక్షకుడు మెట్లు దిగి కంచె దాకా వచ్చి తిట్టాడు. కాంటోనా కంచె మీదుగా ఎగిరి అతని ఛాతీ మీద తన్నాడు. ఎనిమిది నెలల నిషేధం, కోర్టు విధించిన 120 గంటల సమాజసేవ, అన్నీ అనుభవించాడు. 1998లో సెయింట్ ఎతియెన్‌లో డేవిడ్ బెక్‌హామ్ కింద పడి ఉండగానే డియెగో సిమియోనే వైపు కాలు ఆడించాడు. తగిలింది ఇంత, సిమియోనే పడింది అంత. బెక్‌హామ్‌కు ఎర్రకార్డు, ఇంగ్లండ్‌కు ఇంటిదారి. లండన్‌లో బెక్‌హామ్ దిష్టిబొమ్మను ఉరి తీశారు. కొన్నేళ్ళకు సిమియోనే తాను కావాలనే ఎక్కువ చేశానని ఒప్పుకున్నాడు.

ఇక 2006 జూలై 9, బెర్లిన్. ఫ్రాన్స్ కెప్టెన్ జినెదిన్ జిదాన్‌కు అది ఆఖరి మ్యాచ్ అని లోకమంతటికీ తెలుసు. ఏడో నిమిషంలో అతను పెనాల్టీ గోల్ వేశాడు. పంతొమ్మిదో నిమిషంలో ఇటలీ డిఫెండర్ మార్కో మాతెరాజ్జి తలతో కొట్టి సమం చేశాడు. అదనపు సమయంలో మాతెరాజ్జి జిదాన్ చొక్కా పట్టుకున్నాడు. నీకంత కావాలంటే ఆట అయ్యాక ఇస్తానన్నాడు జిదాన్. బదులుగా అక్క గురించి నీచమైన మాట వచ్చింది. నాలుగడుగులు ముందుకు నడిచిన జిదాన్ వెనక్కి తిరిగి తలతో అతని ఛాతీ మీద కుమ్మాడు. 110వ నిమిషం అది. రిఫరీ ఒరాసియో ఎలిసోందో చూడలేదు. నాలుగో అధికారి చెవిలో చెబితే ఎర్రకార్డు తీశాడు. ఇటలీ పెనాల్టీల్లో 5-3తో కప్ గెలిచింది.

జిదాన్ చేసింది తప్పే. ఆట చూస్తున్న పిల్లలకు తర్వాత టీవీలో క్షమాపణ చెప్పాడు, పశ్చాత్తాపం మాత్రం లేదన్నాడు. ఆ రెండో మాట నేను ఒప్పుకోను. కానీ ఫిఫా ఆ తర్వాత చేసిన పనిని అందరూ మరిచిపోయారు. విచారణ జరిపి జిదాన్‌కు మూడు మ్యాచ్‌లు, మాతెరాజ్జికి రెండు మ్యాచ్‌ల నిషేధం వేసింది. ఇద్దరికీ జరిమానా విధించింది. కొట్టినవాడితోపాటు మాట తూలినవాడినీ శిక్షించడం ఆ స్థాయిలో చాలా అరుదు.

అరుదుగానే మిగిలిపోయింది కూడా. 2023 మే 21న వలెన్సియా స్టేడియంలో రియల్ మాడ్రిడ్ ఆటగాడు వినీసియస్‌ను గ్యాలరీలోంచి రంగు పేరుతో దూషించారు. అతను ఆ మనిషిని వేలెత్తి చూపించాడు, ఆట ఆగింది. చివర్లో జరిగిన తోపులాటలో ఊగో దూరో అతని మెడ చుట్టూ చెయ్యి బిగించాడు. విడిపించుకుంటూ వినీసియస్ విసిరిన చెయ్యి దూరో ముఖానికి తగిలింది. వీడియో తెర దగ్గరికి వెళ్ళిన రిఫరీకి ఆ చెయ్యి మాత్రమే చూపించారు. ఆ సాయంత్రం మైదానం నుంచి బహిష్కరణ పడింది తిట్లు తిన్నవాడికే. కార్డును తర్వాత రద్దు చేశారు. దూషించిన ముగ్గురికి 2024 జూన్‌లో స్పెయిన్ కోర్టు ఎనిమిది నెలల జైలుశిక్ష విధించింది.

ఇన్ని చేదు జ్ఞాపకాల మధ్య పావ్‌లో ది కానియో పేరు చెప్పకుండా ఉండలేను. 1998లో రిఫరీని రెండు చేతులా తోసి పదకొండు మ్యాచ్‌ల నిషేధం తెచ్చుకున్నవాడతను. అదే మనిషి 2000 డిసెంబర్‌లో గుడిసన్ పార్క్‌లో, ఎవర్టన్ గోల్‌కీపర్ మోకాలు పట్టుకుని నేల మీద పడి ఉండగా తన వైపు వచ్చిన బంతిని, ఖాళీ గోల్ కళ్ళెదుట ఉన్నా, చేత్తో పట్టేసుకుని ఆట ఆపాడు. స్కోరు 1-1. ప్రత్యర్థి అభిమానులు లేచి చప్పట్లు కొట్టారు. 2019 ఏప్రిల్‌లో లీడ్స్ మేనేజర్ మార్సెలో బియెల్సా ఇంకో అడుగు ముందుకేశాడు. ఆస్టన్ విల్లా ఆటగాడు గాయపడి ఉండగా తన జట్టు గోల్ వేసిందని, విల్లాకు అడ్డు లేకుండా గోల్ వదిలేయమని ఆజ్ఞాపించాడు. సొంత డిఫెండర్ ఒకడు అప్పటికీ అడ్డుపడబోయాడు, ఆపలేకపోయాడు. ఆ గోల్‌తో ఆట డ్రా అయి, పై లీగ్‌కు నేరుగా వెళ్ళే చోటు షెఫీల్డ్ యునైటెడ్‌కు ఖాయమైంది.

ఫుట్‌బాల్ నియమాల్లో పన్నెండోది, బూతు మాటకూ అవమానకరమైన సైగకూ ఎర్రకార్డే అని ఇప్పటికే చెబుతోంది. కొత్త నియమం అక్కర్లేదు. మైదానంలో రిఫరీ చెవికి అందని మాటలపై ఆట ముగిశాక విచారణ జరపాలి. బెర్లిన్ తర్వాత ఫిఫా ఆ పని చేసి చూపించింది. ప్రపంచకప్ ఫైనల్‌కు సాధ్యమైన ఆ విచారణను మన లీగ్‌లతో సహా ప్రతి లీగూ మొదలుపెట్టాలి.