బతకలేకేనా బడిపంతులు వెళ్ళిపోయేది?

మా నాన్నగారు బడిపంతులు. "బతకలేక బడిపంతులు" అన్న మాట వింటూ పెరిగాను. జీతం చాలకే పంతుళ్ళు బడి వదిలేస్తారనుకునేవాణ్ణి. అమెరికాలో లెక్కల టీచరునయ్యాక ఆ నమ్మకం సడలింది.

2002 జనవరిలో అధ్యక్షుడు బుష్ సంతకం చేసిన 'నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్' చట్టం 3 నుంచి 8వ తరగతి దాకా ఏటా చదవడంలో, లెక్కల్లో పరీక్షలు పెట్టమంది. 2014కల్లా పిల్లలందరూ గట్టెక్కాలంది. వెనకబడ్డ బడులకు ఏటేటా బిగిసే ఆంక్షలు.

భిన్నాలు అర్థంకాని పిల్లల కోసం మా పక్కగది టీచరుగారు ఇంకో రెండు రోజులు ఆగుదామన్నారు. పరీక్షల తేదీ ఆగనివ్వలేదు. ఆ వేసవిలో రాజీనామా ఇచ్చేశారు. 2015లో ఆ చట్టం స్థానంలో కొత్తది వచ్చింది. ఏటా పరీక్షలు మిగిలాయి. ఆవిడ తిరిగి రాలేదు.

నాన్నగారు మాత్రం జీతం చాలదని గొణుక్కుంటూనే ముప్ఫయ్యేళ్ళు పాఠం చెప్పారు. ఏ పిల్లవాడి దగ్గర ఎంతసేపు ఆగాలో ఆయనే నిర్ణయించుకునేవారు.