అప్పులాయన ముట్టుకోలేని ఆరు డాలర్లు

మా అవ్వ దగ్గర ఒక ఎనుము ఉండేది. పాలమ్మిన డబ్బులు పోపుల డబ్బాలో దాచుకునేది. ఒక కరువు ఏడాది చొప్ప కూడా దొరక్క, తాత ఆ ఎనుమును సంతకు తోలుకుపోయాడు. సాయంత్రం దాకా అవ్వ గడప మీదే కూర్చుంది. తాత తిరిగొచ్చేసరికి చేతిలో పలుపుతాడు ఒక్కటే ఉంది. డబ్బంతా సంతలోనే అప్పిచ్చినాయన తీసేసుకున్నాడు. "ఎనుమూ పాయె, దుడ్లూ పాయె" అని అవ్వ చాలా ఏళ్లు చెప్పుకునేది.

ఈమధ్య అమెరికా కరువు చరిత్ర చదువుతుంటే నాకు ఆ పలుపుతాడే గుర్తొచ్చింది.

అది 1934. టెక్సాస్ నుంచి డకోటాల దాకా మైదానాల్లో వానల్లేక గడ్డి మాడిపోయింది. అక్కడివాళ్లవి మనలా ఒకటీ రెండూ కాదు, మందలకు మందలు. కానీ కష్టం మాత్రం మా అవ్వదే. మేత లేదు, మంచి ధరకు కొనేవాళ్లు లేరు, చాలామంది మందలు అప్పుల కింద తాకట్టులో ఉన్నాయి.

రూజ్‌వెల్ట్ ప్రభుత్వం ఆ జూన్‌లో తానే పశువులు కొనడం మొదలుపెట్టింది. కరువు సాయానికి మంజూరైన 52.5 కోట్ల డాలర్లలోంచి ఈ ఖర్చు పెట్టింది. 1935 మొదట్లో ఆపేసేలోగా 80 లక్షలకు పైగా పశువుల్ని కొంది. అందుకు సుమారు 11 కోట్ల డాలర్లు అయింది.

రెండేళ్లు దాటిన పశువుకు 12 నుంచి 20 డాలర్లు. ఏడాది దాటినదానికి 10 నుంచి 15. దూడకు 4 నుంచి 8. ఇంతవరకూ మామూలు సంత బేరంలాగే ఉంది కదా! నన్ను ఆపేసిన విషయం ఆ తర్వాతే ఉంది.

ఆ డబ్బును రెండు భాగాలు చేశారు. ఒకటి పశువు ధర. అందులో అప్పిచ్చినవాళ్లకు హక్కు ఉంటుంది. రెండోది రైతుకిచ్చే సాయం: పెద్ద పశువుకు 6 డాలర్లు, ఏడాది దాటినదానికి 5, దూడకు 3. దాని మీద అప్పులవాళ్లకు ఏ హక్కూ లేదు. అది నేరుగా ఇంటికే.

నాకు అర్థమైనంతలో ఇందులో చాలా తెలివి ఉంది. అప్పిచ్చినవాడికి ఏమీ రాకపోతే తాకట్టు పశువును అమ్మనివ్వడు. అంతా వాడికే పోతే ఇంట్లో పొయ్యి వెలగదు. ఆ కాగితం రాసినవాళ్లెవరో గాని, గడప మీద కూర్చున్న ఆడమనిషిని కూడా లెక్కలోకి తీసుకున్నారనిపించింది.

అలాగని అది తీపి కథేమీ కాదు. తిండికి పనికిరావన్నంతగా చిక్కిపోయిన పశువుల్ని అక్కడికక్కడే కాల్చి గోతుల్లో పూడ్చేశారు. పెంచినవాళ్లకు ఆ తుపాకీ చప్పుడు ఎలా ఉండి ఉంటుందో పాడి ఉన్న ఇళ్లవాళ్లకు చెప్పక్కర్లేదు. మిగతావాటి మాంసాన్ని డబ్బాల్లో నింపి, పనుల్లేక పస్తులుంటున్న కుటుంబాలకు పంచారు. ఆ డబ్బాలు నింపే పనిలో కూలికి చేరినవాళ్లలో ఆడవాళ్లు చాలామంది. అలా ఒక ఇంట్లో పోయిన పశువు ఇంకో ఇంటికి కూడూ కూలీ అయింది.

మన దేశంలో విపత్తులో ఆవో గేదో చనిపోతే ఇచ్చే సాయాన్ని 2022–26 నిబంధనలు 37,500 రూపాయలుగా పెట్టాయి. ఇంటికి మూడు పెద్ద పాడి పశువుల దాకా ఇవ్వొచ్చని వాటిలో ఉంది. ఇలాంటి అంకె పేపర్లో కనబడితే మనం ఎక్కువా తక్కువా అని మాట్లాడుకుంటాం. నేను మాత్రం ఇప్పుడు ఇంకో ప్రశ్న వేసుకుంటున్నాను: అందులో గడప దాటి లోపలికి వచ్చేది ఎంత?

అవ్వ పోయి చాలా ఏళ్లయింది. ఆ రోజు సంతలో అప్పులాయన ముట్టుకోలేని ఆరు రూపాయలు ఉండి ఉంటే, అవి నేరుగా ఆ పోపుల డబ్బాలోకే చేరేవి.