బండి ఎయిర్ ఫిల్టర్: ఏది కడగాలి, ఏది మార్చాలి, దేనికి హవా కొట్టొద్దు

మన నిర్మల్ మెకానిక్ షెడ్లలో రోజూ కనిపించే పని ఇది. బండి సర్వీసింగ్‌కు వస్తది. కవర్ విప్పి ఎయిర్ ఫిల్టర్ బయటకు తీస్తారు, ఎయిర్ గన్‌తో రెండు నిమిషాలు హవా కొడతారు. మట్టి లేచిపోతది, ఫిల్టర్ సాఫ్ అయినట్టు కనిపిస్తది, మళ్ళీ అదే లోపల పెట్టేస్తారు. ఖర్చు లేదు, కస్టమర్ ఖుష్. కానీ ఇప్పుడు రోడ్ల మీద తిరుగుతున్న చాలా బండ్లలో ఉన్న ఫిల్టర్‌కు ఈ పని అస్సలు చేయకూడదు. చేస్తే ఫిల్టర్ బాగుపడదు, ఖరాబ్ అవుతది. ఆ నష్టం అప్పుడే తెల్వదు. కొన్నాళ్లకు ఇంజన్ బోరుకొచ్చినప్పుడు తెలుస్తది.

ముందు ఫిల్టర్ ఎంత పని చేస్తదో చూద్దాం. 1 కిలో పెట్రోలు సరిగ్గా మండాలంటే దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. లీటరు పెట్రోలు బరువు ముప్పావు కిలో దాకా ఉంటది కాబట్టి, లీటరుకు 11 కిలోల గాలి. దాన్ని లీటర్లలో లెక్కేస్తే సుమారు 9 వేల లీటర్లు. నిర్మల్ నుంచి ఆదిలాబాద్ 80 కిలోమీటర్ల దాకా ఉంటది, 100 సీసీ బండి మీద పోయినా ఇంజన్ అంతకంటే ఎక్కువ గాలే పీలుస్తది. ఆ గాలి మొత్తం అరచేయంత ఫిల్టర్ గుండానే పోవాలి.

మన దగ్గర ఆ గాలి ఎట్లుంటదో అందరికీ తెలుసు. వానాకాలం పంట చేతికొచ్చే రోజుల్లో సోయా, మక్కల నూర్పిళ్లు, రోడ్ల మీద ఆరబోసిన వడ్లు, భైంసా దిక్కు పోయే పత్తి బండ్లు, ఎండాకాలంలో నల్లరేగడి మట్టి రోడ్లు. బట్టల మూట కట్టుకొని కుభీర్, కుంటాల పల్లెలు తిరిగే వ్యాపారి బండికీ, టౌన్‌లో ఇంటి నుంచి ఆఫీసుకు పోయొచ్చే బండికీ ఒకే లెక్క నడవదు. కంపెనీ మాన్యువల్‌లో ఫిల్టర్ ఇన్ని కిలోమీటర్లకు మార్చాలని ఉంటది. దుమ్ము ఎక్కువున్న చోట ఇంకా ముందే చూసుకోవాలని కూడా రాసుంటది. మనం చదవం గానీ, ఆ మాట మనకోసమే.

ఫిల్టర్లు ముఖ్యంగా మూడు రకాలు. పాత బండ్లలో ఎక్కువగా కనిపించేది ఫోమ్, అంటే స్పాంజి. దీన్ని కడిగి మళ్ళీ వాడొచ్చు. కిరోసిన్‌లో గానీ సబ్బు నీళ్లలో గానీ ముంచి మెల్లగా పిసకాలి. బట్టలు పిండినట్టు మెలిపెడితే చిరుగుతది. పెట్రోల్‌తో కడగొద్దు, మంటల ప్రమాదం ఉంది, స్పాంజి కూడా చెడిపోతది. నీడలో పూర్తిగా ఆరిన తర్వాత మాన్యువల్‌లో చెప్పిన ఆయిల్ పట్టించి, మిగులు ఆయిల్ పిండేసి బిగించాలి. చాలామంది ఈ ఆయిల్ పట్టించే పనే వదిలేస్తారు. ఆయిల్ లేని స్పాంజి సన్న దుమ్మును ఆపదు.

రెండోది పొడి పేపర్ ఫిల్టర్. దీన్ని కడగొద్దు. మెల్లగా తట్టి దుమ్ము రాల్చొచ్చు. హవా కొట్టాలంటే తక్కువ ప్రెషర్‌తో, లోపలి నుంచి బయటికి కొట్టాలి. బయటి నుంచి కొడితే దుమ్ము కాగితంలోకి ఇంకా దిగబడతది. గన్ దగ్గర పెట్టి కొడితే కంటికి కనబడని చిల్లులు పడతాయి.

అసలు సమస్య మూడో రకంతోనే. దీన్ని విస్కస్ ఫిల్టర్ అంటారు. చూస్తే కాగితమే, కానీ ఫ్యాక్టరీలోనే ఆయిల్ పట్టించి ఇస్తారు. ముట్టుకుంటే కొంచెం జిడ్డుగా తగులుతది. దుమ్ము ఆ జిడ్డుకు అంటుకొని ఆగిపోతది. హవా కొడితే, కడిగితే ఆ ఆయిల్ పోతది. ఇంజన్ ఆయిల్ పూస్తే సరిపోతదనుకోవద్దు, కాగితం మూసుకుపోతది. కొత్తదాని లెక్కన కనిపించకపోతే పాడైందనుకొని మధ్యలో తీసి దులపడం కూడా వద్దు. టైమ్ వచ్చేదాకా ముట్టొద్దు, టైమ్ వస్తే మార్చేయాలి, అంతే. మీ బండిలో ఏ రకం ఉందో మాన్యువల్‌లో చూడండి, లేదా స్పేర్ పార్ట్స్ షాపులో మోడల్, సంవత్సరం చెప్పి అడగండి.

ఫిల్టర్ జామ్ అయితే కార్బురేటర్ బండి తొందరగానే చెప్తది. పికప్ తగ్గుతది, మైలేజీ పడిపోతది, సైలెన్సర్ నుంచి నల్ల పొగ వస్తది, ప్లగ్ తీసి చూస్తే మసి పట్టి ఉంటది. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 రూల్స్‌తో దాదాపు కొత్త బండ్లన్నీ ఫ్యూయల్ ఇంజెక్షన్ అయ్యాయి. వీటిలో గాలి తగ్గితే కంప్యూటర్ పెట్రోల్‌ను కూడా సర్దేస్తది, కాబట్టి నల్ల పొగ కోసం చూస్తూ కూర్చుంటే లాభం లేదు. కిలోమీటర్లు చూసే మార్చుకోవాలి.

జామ్ అయిన ఫిల్టర్ కంటే చిరిగిన ఫిల్టర్ డేంజర్. అసలు ఫిల్టరే లేకుండా నడపడం ఇంకా డేంజర్. బండి స్పీడ్ పోతదని కొందరు పిల్లలు తీసేస్తున్నారు. పిస్టన్‌కు, బోరుకు మధ్య సందు వెంట్రుక మందం కంటే తక్కువ. అందులో ఇసుక రేణువులు పడితే గరుకు కాగితం పెట్టి రుద్దినట్టే. రింగులు అరుగుతాయి, ఇంజన్ ఆయిల్ మండి నీలం పొగ వస్తది. అక్కడిదాకా వస్తే ఖర్చు వేలల్లోనే. సాధారణ 100, 125 సీసీ బండ్ల ఫిల్టర్ కొన్ని వందల్లోనే దొరుకుతది. బండి షెడ్డులో ఉన్నన్ని రోజులు ఆ వ్యాపారికి గిరాకీ పోవడం వేరే లెక్క.

మార్చడం ఇంట్లో కూడా చేసుకోవచ్చు. ఇంజన్ ఆఫ్ చేసి, చల్లారిన తర్వాత, బాక్సు చుట్టూ ఉన్న మట్టిని ముందు తడిబట్టతో తుడవాలి. లేకపోతే మూత తీయగానే ఆ మట్టే లోపల పడతది. ఫిల్టర్ తీసినాక ఇంజన్ వైపు ఉన్న భాగాన్ని వేలితో రుద్ది చూడండి. అక్కడ దుమ్ము తగిలితే గాలి ఫిల్టర్ పక్క నుంచి పోతున్నట్టు. సీలు సరిగ్గా కూర్చోలేదో, రబ్బరు పైపు పగిలిందో, క్లిప్పు వదులైందో మెకానిక్‌కు చూపించాలి. కొత్త ఫిల్టర్ ఎంత మంచిదైనా ఈ సందు మూయకపోతే వేస్టే. అన్ని స్క్రూలు సమంగా బిగించి, కిలోమీటర్ల రీడింగ్ ఎక్కడైనా రాసి పెట్టుకోండి.

కొనేటప్పుడు ప్యాకెట్ మీద పార్ట్ నంబర్, ఎమ్మార్పీ చూసి బిల్లు తీసుకోండి. పాతదాని పక్కన పెట్టి సైజు, రబ్బరు అంచు పోల్చండి.

చాలా బండ్లకు ఎయిర్ బాక్సు కింద మూత పెట్టిన చిన్న పారదర్శక గొట్టం ఉంటది. అందులో నీళ్లు, ఆయిల్ పేరుకుంటాయి. వానాకాలంలో అప్పుడప్పుడు ఆ మూత తీసి ఖాళీ చేసి మళ్ళీ పెట్టేయండి. మూత పెట్టకుండా వదిలేస్తే దుమ్ము అక్కడి నుంచి కూడా ఎక్కుతది.