బ్రేకు ఆయిలు ఎటు పోతుంది?



సాలూరు నుంచి సుంకి ఘాటు మీదుగా కోరాపుట్ వెళ్ళే వారికైనా, హోసూరు నుంచి కృష్ణగిరి వైపు దిగే వారికైనా ఈ సంగతి అనుభవమే. కారు బానెట్ ఎత్తి చూస్తే బ్రేకు ఆయిలు డబ్బాలో మట్టం తగ్గి ఉంటుంది. నేల మీద చూస్తే ఒక్క చుక్కా కనబడదు. ఆవిరైపోయి ఉంటుందిలే అనుకొని కాస్త పోసి బయలుదేరతాం. కొన్నాళ్ళకు మళ్ళీ అదే వరస. మరి ఆ ఆయిలు ఎటు పోయినట్టు? జవాబు కావాలంటే ఆ బ్రేకు కథ కొంచెం తెలుసుకోవాలి.

మూసిన పాత్రలోని ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా పాకుతుందని 17వ శతాబ్దంలో ఫ్రాన్సు శాస్త్రజ్ఞుడు పాస్కల్ చెప్పాడు. ఆ సూత్రాన్ని కారు చక్రాల దాకా తెచ్చిన వారిలో ముఖ్యుడు అమెరికాకు చెందిన మాల్కం లాక్‌హీడ్. అంతకుముందు బ్రేకులను కడ్డీలు, తీగలు లాగేవి. అన్ని చక్రాలకూ ఒకే తీరుగా పట్టించడం మేస్త్రీలకు తలనొప్పిగా ఉండేది. 1921లో డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రాలకూ ద్రవపు బ్రేకులతో వచ్చింది. తొలినాటి బ్రేకు ద్రవాల్లో మన ఆముదానికీ చోటుండేది. అయితే లాక్‌హీడ్ వాడిన తోలు కప్పులు ఆ ద్రవాన్ని పూర్తిగా ఆపలేకపోయాయి. 1924 నాటి క్రైస్లర్ కారుకు ఇంజనీర్లు తోలు మాని రబ్బరు కప్పులు పెట్టారు. చూశారా, ఈ బ్రేకు పుట్టిన నాటి నుంచీ దాని తగవంతా కారుడుతోనే!

ఆ కాలపు బ్రేకుల్లో గొట్టాలన్నిటికీ ఒకటే దారి. ఒక్కచోట తెగితే నాలుగు చక్రాలూ పట్టు వదిలేవి. అందుకే దారిని రెండుగా విడదీశారు. 1968 నుంచి అమెరికాలో కొత్త కార్లన్నిటికీ ఈ ఏర్పాటు తప్పనిసరి అయింది. ఒక దారి పోయినా రెండోది బండిని ఆపుతుంది. కాని ఆ ధీమాతోనే మనం కారుడును చిన్నచూపు చూస్తున్నాం.

ఒక మాట గుర్తుంచుకోండి. ఈ ఆయిలు ఖర్చయ్యేది కాదు. ఇప్పుడు మన కార్లలో పోసే రకం ఆవిరి కావడం అటుంచి, గాలిలోని తేమను తనే పీల్చుకుంటుంది. కనుక మట్టం తగ్గిందంటే కారణం రెండే. ఒకటి, ప్యాడ్లు అరిగి, ఆ మేరకు ఆయిలు చక్రాల వైపు జరగడం. ఇది నెలల తరబడి మెల్లగా జరుగుతుంది. ప్యాడ్లు మారిస్తే మట్టం మళ్ళీ పైకి వస్తుంది. రెండోది, కారడం.

కారిన ఆయిలు దాక్కునే చోట్లు కొన్ని ఉన్నాయి. వెనక చక్రాల డ్రమ్ములో వీల్ సిలిండర్ కారితే చెమ్మ లోపలే లైనింగులకు పట్టి బ్రేకు జారుతుంది. టైరు లోపలి వైపు తడి మరక చూడండి. క్లచ్చికీ అదే డబ్బా ఉన్న బండ్లలో క్లచ్చి పెడల్ దగ్గర తడిమి చూడండి. ఇక అసలు దొంగ మాస్టర్ సిలిండర్ వెనక కప్పు. అది పాడైతే ఆయిలు వెనకనున్న గుండ్రటి బూస్టర్‌లోకి దిగిపోతుంది. నేల మీద చుక్క పడదు. పెట్రోలు బండి అయితే ఇంజను దాన్ని పీల్చుకొని తెల్లటి పొగ వదలవచ్చు. మేస్త్రీ చేత మాస్టర్ సిలిండర్‌ను బూస్టర్ నుంచి కాస్త ముందుకు జరిపించి చూస్తే గుట్టు బయటపడుతుంది.

డబ్బా మీద మట్టం దగ్గర గీత గీసి, రోజూ ఉదయం చూడండి. గీత కిందికి పోతున్నా, పెడల్ మెత్తగా దిగుతున్నా ఆయిలు పోసి ఊరుకోకండి. ఆనాటి తోలు కప్పు చెప్పిన పాఠమే ఈనాటి రబ్బరు కప్పూ చెబుతోంది. కారే చోటు దొరికి బాగుపడేదాకా ఘాటు రోడ్డెక్కకండి.