ఆధునిక పందుల పెంపకం: పరిశోధనలు, ఆచరణలోని సమస్యలు

ఎంపిక చేసిన జాతుల పందులను, లెక్కగట్టి కలిపిన దాణాతో, షెడ్లలో గుంపులుగా పెంచి మాంసం ఉత్పత్తి చేసే పద్ధతిని ఆధునిక పందుల పెంపకం అంటారు. ఇది 19వ శతాబ్దంలో ఉత్తర ఐరోపాలో రూపుదిద్దుకుంది. రెండో ప్రపంచ యుద్ధం తరువాత అమెరికాలోనూ, ఆపైన తూర్పు ఆసియాలోనూ భారీ పరిశ్రమగా ఎదిగింది. పంది చూడి కాలం సుమారు 114 రోజులే. మేలుజాతి ఆడపంది ఏడాదికి రెండు ఈతలు ఈనుతుంది. మంచి దాణా పడితే పిల్ల ఆరు నెలల్లో క్వింటాలు తూగుతుంది. ఈ లక్షణాలే పందిని లాభసాటి పశువుగా నిలబెట్టాయి. అయితే ఉత్పత్తి పెంచడానికి వేసిన ఒక్కో అడుగు వెంట ఒక్కో కొత్త సమస్య వచ్చింది. ఈ రంగంలో పరిశోధన చాలావరకు అలా వచ్చిన సమస్యల చుట్టూనే సాగింది.

జాతుల అభివృద్ధి

అడవి పందిని మనిషి సుమారు 9,000 ఏళ్ళ కిందటే మచ్చిక చేసుకున్నాడు. ఇది నేటి టర్కీ తూర్పు ప్రాంతంలోనూ, చైనాలోనూ విడివిడిగా జరిగింది. ఆ తరువాత వేల ఏళ్ళపాటు పంది అడవి కాయలూ దుంపలూ, ఊరి చెత్తా తిని బతికింది. 18వ శతాబ్దంలో చైనా పందులు ఇంగ్లండుకు చేరాయి. త్వరగా కొవ్వు పట్టే ఆ పందులను పొడవాటి ఒళ్ళున్న స్థానిక పందులతో సంకరపరచారు. యార్క్‌షైర్‌కు చెందిన జోసెఫ్ ట్యూలీ అనే నేతకారుడు 1851లో విండ్సర్ ప్రదర్శనకు తెచ్చిన భారీ తెల్ల పందులు అందరి దృష్టినీ ఆకట్టుకున్నాయి. 1868లో లార్జ్ వైట్‌కు ప్రత్యేక జాతిగా గుర్తింపు వచ్చింది. భారతదేశంలో లార్జ్ వైట్ యార్క్‌షైర్ పేరుతో తెలిసినది ఈ జాతే.

పెంపకాన్ని శాస్త్రీయ పద్ధతిలో పెట్టిన దేశం డెన్మార్క్. 1887లో జర్మనీ ప్రాణంతో ఉన్న పందుల దిగుమతిని నిషేధించడంతో డేనిష్ రైతులు బ్రిటన్‌కు బేకన్ అమ్మే మార్గం పట్టారు. అదే ఏడాది హోర్సెన్స్ పట్టణంలో తొలి సహకార బేకన్ కర్మాగారం వెలిసింది. సహకార డెయిరీల్లో వెన్న తీయగా మిగిలిన పాలు పందులకు మేత అయ్యాయి. 1907లో పరీక్షా కేంద్రాలు మొదలయ్యాయి. ఎంపిక చేసిన ఈతల నుంచి కొన్ని పిల్లలను ఈ కేంద్రాలకు పంపేవారు. అన్నింటికీ ఒకే దాణా పెట్టి పెరుగుదలను, తిన్న మేతను, కోసిన తరువాత మాంసం నాణ్యతను కొలిచేవారు. పంది చూపులకు ఎలా ఉందన్నది కాక, దాని సంతానం ఎలా పెరిగిందన్నది విలువకు కొలమానమైంది. డేనిష్ లాండ్రేస్ జాతి ఈ పరీక్షల్లోనే మెరుగుపడింది.

కొవ్వు తగ్గించే ప్రయత్నం

20వ శతాబ్దం మొదటి సగం వరకు అమెరికాలో పందిని మాంసంతో పాటు కొవ్వు కోసం కూడా పెంచేవారు. యుద్ధం తరువాత వంటింట్లో పంది కొవ్వు స్థానాన్ని వనస్పతి నూనెలు ఆక్రమించడంతో కొవ్వెక్కిన పందికి ధర పడిపోయింది. బతికున్న పందిలో కొవ్వు ఎంత ఉందో తేల్చడం పెద్ద సమస్య అయింది. దీనికి 1952లో అయోవా స్టేట్ కళాశాలకు చెందిన లనాయ్ హేజెల్, ఇ. ఎ. క్లైన్ ఒక సులువైన ఉపాయం ప్రకటించారు. వీపు మీద చర్మాన్ని కొద్దిగా కోసి, సన్నని లోహపు స్కేలును కండ తగిలేవరకు లోపలికి దించుతారు. స్కేలు ఎంత లోతుకు దిగితే కొవ్వు మందం అంత. తరువాత అల్ట్రాసౌండ్ పరికరాలు వచ్చి కోత అవసరం లేకుండా చేశాయి.

తక్కువ కొవ్వు, ఎక్కువ కండ ఉన్న పందులనే తరతరాలుగా ఎంపిక చేస్తూ పోగా, పియెట్రెయిన్ వంటి కొన్ని జాతుల్లో అనుకోని లోపం బయటపడింది. లారీ ఎక్కించేటప్పుడో, వేడిలో నడిపించేటప్పుడో పంది కండరాలు బిగుసుకుపోయి, ఒళ్ళు కాలిపోయి అక్కడికక్కడే చచ్చేది. కోతదాకా బతికిన పంది మాంసం పాలిపోయి, మెత్తబడి, నీరు కారేది. హాలోథేన్ అనే మత్తు వాయువు పీల్పించి, బిగుసుకుపోయే పిల్లలను ఏరివేసే పద్ధతి 1970లలో వాడుకలోకి వచ్చింది. కండరాల్లో కాల్షియం విడుదలను అదుపు చేసే ఒక జన్యువులోని మార్పే ఈ లోపానికి కారణమని 1991లో కెనడాలోని టొరంటో శాస్త్రవేత్తల బృందం తేల్చింది. అప్పటి నుంచి డీఎన్ఏ పరీక్షతో ఈ లోపాన్ని మందల నుంచి తొలగించడం సాధ్యపడింది.

ఈతకు పుట్టే పిల్లల సంఖ్య విషయంలోనూ ఇదే జరిగింది. డెన్మార్క్ మందల్లో ఒక్కో తల్లికి ఏడాదిలో పాలు మాన్పించే పిల్లల సగటు 30 దాటింది. కానీ తల్లికి ఉండే చన్నులు 14 నుంచి 16. బరువు తక్కువగా పుట్టిన పిల్లలు పాలు అందక, తల్లి కింద నలిగి చనిపోవడం ఎక్కువైంది. అందుకే 2004 నుంచి డేనిష్ శాస్త్రవేత్తలు పుట్టిన పిల్లల సంఖ్యకు బదులు అయిదో రోజుకు బతికున్న పిల్లల సంఖ్యను ఎంపికకు ఆధారంగా తీసుకున్నారు.

దాణా, మందులు

పందులు మట్టి నేల విడిచి సిమెంటు గచ్చు మీదికి చేరాక ముందుగా కనిపించిన లోపం పిల్లల్లో రక్తహీనత. పిల్ల సుమారు 50 మిల్లీగ్రాముల ఇనుముతో పుడుతుంది. దానికి రోజుకు 7 మిల్లీగ్రాముల దాకా అవసరం కాగా, తల్లిపాలలో దొరికేది ఒక మిల్లీగ్రామే. బయట తిరిగే పిల్ల ముట్టెతో మట్టి తవ్వుకుని ఆ లోటు తీర్చుకుంటుంది. గచ్చు మీద ఆ వీలు లేదు. ఈ రక్తహీనతకు ఇనుము లోపమే కారణమని 1920లలో స్కాట్లండ్‌లో నిరూపించారు. 1950లలో ఐరన్ డెక్స్‌ట్రాన్ సూదిమందు వచ్చింది. పుట్టిన మూడో రోజు ప్రాంతంలో 200 మిల్లీగ్రాముల సూది వేయడం నేడు అంతటా ఉన్న ఆచారం.

మొక్కజొన్న, సోయా చెక్క ప్రధానమైన దాణాలో ముందుగా తక్కువ పడే అమైనో ఆమ్లం లైసిన్. పులియబెట్టే పద్ధతిలో దీన్ని చవకగా తయారుచేయడం జపాన్‌లో మొదలయ్యాక దాణాలో మాంసకృత్తులను కొంత తగ్గించే వీలు కలిగింది. గింజల్లోని భాస్వరం చాలావరకు ఫైటేట్ రూపంలో ఉండి పందికి అరగదు. 1991లో నెదర్లాండ్స్‌లో మార్కెట్లోకి వచ్చిన ఫైటేజ్ ఎంజైమ్ దాన్ని విడగొట్టి, పేడ ద్వారా నేలకు చేరే భాస్వరాన్ని తగ్గించింది.

కొద్ది మోతాదులో ఆరియోమైసిన్ కలిపిన దాణాతో జంతువులు త్వరగా పెరుగుతాయని 1950 ప్రాంతంలో అమెరికాలో గుర్తించారు. చూస్తుండగానే యాంటీబయాటిక్ కలపడం మామూలైపోయింది. దీనివల్ల మందులకు లొంగని సూక్ష్మజీవులు పుడతాయని బ్రిటన్‌లో 1969 నాటి స్వాన్ నివేదిక హెచ్చరించింది. 1986లో స్వీడన్, 2006 జనవరి 1 నుంచి ఐరోపా సమాఖ్య పెరుగుదల కోసం యాంటీబయాటిక్‌లు వాడటాన్ని నిషేధించాయి. పాలు మాన్పించిన పిల్లల్లో విరేచనాలు పెరగడంతో రైతులు జింక్ ఆక్సైడ్‌ను ఆశ్రయించారు. అది నేలను కలుషితం చేస్తున్నదని 2022లో దాని మందు వాడకాన్నీ ఆపించారు. 2015లో చైనాలో పందుల నుంచి సేకరించిన బ్యాక్టీరియాలో కొలిస్టిన్‌కు లొంగని, ఒక క్రిమి నుంచి మరో క్రిమికి పాకగల జన్యువు బయటపడింది. మనుషుల వైద్యంలో చివరి అస్త్రంగా దాచుకునే మందు అది. భారత ప్రభుత్వం 2019లో ఆహార జంతువులకు కొలిస్టిన్ వాడకాన్ని నిషేధించింది.

వ్యాధులు

పందులు ఎంత దగ్గరగా ఉంటే వ్యాధి అంత వేగంగా పాకుతుంది. 1950లలో నెబ్రాస్కాలో జార్జ్ యంగ్ చూడి పందులకు శస్త్రచికిత్స చేసి పిల్లలను తీసి, తల్లికి దూరంగా పెంచి, ఫలానా వ్యాధులు లేని మందలను తయారుచేశాడు. ఒక షెడ్డులోని పందులన్నింటినీ ఒకేసారి నింపి, ఒకేసారి ఖాళీ చేసి, కడిగి ఆరబెట్టే పద్ధతి తరువాత ప్రామాణికమైంది.

స్వైన్ ఫీవర్‌ను అమెరికా టీకాలతోనూ, తరువాత రోగగ్రస్త మందలను వధించడంతోనూ 1978 నాటికి నిర్మూలించింది. 1980ల చివర కొత్తగా తలెత్తిన పీఆర్ఆర్ఎస్ వైరస్‌ను 1991లో నెదర్లాండ్స్‌లోని లెలిస్టాడ్‌లో గుర్తించారు. తల్లుల్లో గర్భస్రావాలు, పిల్లల్లో న్యుమోనియా కలిగించే ఈ వ్యాధి వల్ల అమెరికాలో ఏటా 66 కోట్ల డాలర్ల నష్టమని 2013లో వెలువడిన అంచనా. వైరస్ లోపలికి చొరబడే సీడీ163 ప్రొటీన్‌ను జన్యు సవరణతో మార్చిన పందులకు ఇది సోకదని మిస్సోరి విశ్వవిద్యాలయం చూపింది. అటువంటి పందులను ఆహారానికి వాడేందుకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2025లో అనుమతించింది.

మలేషియాలో 1998–99లో నిపా వైరస్ పందుల ద్వారా మనుషులకు సోకి 105 మంది చనిపోయారు. దాదాపు 11 లక్షల పందులను చంపవలసి వచ్చింది. పందుల దొడ్ల పక్కనే పండ్ల చెట్లు ఉండటం, గబ్బిలాలు కొరికిన పండ్లు దొడ్లలో రాలడం దీనికి దారితీశాయి.

1921లో కెన్యాలో వర్ణించిన ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ 2007లో జార్జియాకు, 2018 ఆగస్టులో చైనాకు చేరింది. ఏడాది తిరిగేసరికి చైనా పందుల సంఖ్య 40 శాతం దాకా తగ్గిందని అక్కడి ప్రభుత్వ లెక్కలే చెప్పాయి. ఇది మనుషులకు సోకదు గాని, సోకిన పందుల్లో చాలావరకు చనిపోతాయి. వైరస్ ఎండబెట్టిన, నిల్వచేసిన మాంసంలోనూ నెలల తరబడి బతుకుతుంది కాబట్టి మిగిలిన భోజన పదార్థాలను 90 డిగ్రీల వేడిలో గంటసేపు కలియబెడుతూ ఉడికించనిదే పందులకు పెట్టకూడదని అంతర్జాతీయ ప్రమాణం. వియత్నాం 2023లో టీకా వాణిజ్య వాడకానికి అనుమతినిచ్చినా, దాని భద్రతపై పరిశీలన కొనసాగుతోంది.

సంక్షేమం, పర్యావరణం

చూడి పందులను సుమారు 2 మీటర్ల పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న ఇనుప చట్రాల్లో ఉంచడం 1960లలో వ్యాపించింది. చట్రంలో పందికి వెనక్కి తిరిగే చోటుండదు. రూత్ హారిసన్ 1964లో రాసిన ‘యానిమల్ మెషీన్స్’ పుస్తకం బ్రిటన్‌లో చర్చ రేపగా, మరుసటి ఏడాది బ్రాంబెల్ కమిటీ పశువుకు లేవడానికి, పడుకోవడానికి, తిరగడానికి, ఒళ్ళు శుభ్రం చేసుకోవడానికి, కాళ్ళు చాచుకోవడానికి వీలుండాలని సిఫారసు చేసింది. బ్రిటన్ 1999లో ఈ చట్రాలను నిషేధించింది. ఐరోపా సమాఖ్య 2013 నుంచి వాటి వాడకాన్ని చూడి మొదటి నాలుగు వారాలకే పరిమితం చేసింది. గుంపుగా వదిలిన తల్లులు మేత దగ్గర కొట్లాడుకుంటాయి కనుక, చెవి బిళ్ళను గుర్తించి ఒక్కో పందికి విడిగా దాణా వడ్డించే యంత్రాలు వచ్చాయి.

వేల పందుల పేడ, మూత్రం ఒకేచోట పోగుపడటం మరో సమస్య. అమెరికాలోని నార్త్ కరోలినాలో వీటిని తెరిచిన గుంటల్లో నిల్వచేసి పొలాలపై చల్లేవారు. 1999లో ఫ్లాయిడ్ తుపాను వరదల్లో అనేక గుంటలు మునిగి నదులు కలుషితమయ్యాయి. పేడను బయోగ్యాస్‌గా మార్చడం, దాణాలో నత్రజనిని తగ్గించడం నేటి పరిశోధనల్లో ముఖ్యమైనవి.

భారతదేశం, తెలుగు రాష్ట్రాలు

2019 పశుగణన ప్రకారం దేశంలో 90.6 లక్షల పందులు ఉన్నాయి. 2012తో పోలిస్తే ఇది 12 శాతం తక్కువ. రాష్ట్రాల్లో అస్సాం మొదటిది. తెలుగు ప్రాంతాల్లో నాటు పందుల పెంపకం తరతరాలుగా ఎక్కువగా ఎరుకల కుటుంబాల జీవనాధారం. సీమపందులను తెచ్చి స్థానిక జాతులను మెరుగుపరచే ప్రభుత్వ కృషిలో భాగంగా గన్నవరంలో బేకన్ కర్మాగారం ఏర్పడింది. భారత వ్యవసాయ పరిశోధన మండలి 1970–71లో ప్రారంభించిన అఖిల భారత సమన్వయ పథకంలో తిరుపతి ఒక కేంద్రం. అస్సాంలోని రాణిలో 2002లో జాతీయ పంది పరిశోధన కేంద్రం వెలిసింది.

చిన్న రైతుకు ఒకటి రెండు ఆడపందుల కోసం మగపందిని పోషించడం భారం. కృత్రిమ గర్భధారణ దీనికి పరిష్కారమే గాని, పంది వీర్యం గడ్డకట్టిస్తే చాలావరకు పాడవుతుంది. 15–18 డిగ్రీల వద్ద కొన్ని రోజులే నిలుస్తుంది కాబట్టి పల్లెలకు చల్లని పెట్టెల్లో వెంటవెంటనే చేర్చాలి. స్వైన్ ఫీవర్ టీకాను దేశంలో 1964 నుంచి కుందేళ్ళలో తయారుచేసేవారు. ఒక్కో కుందేలు నుంచి సుమారు 50 మోతాదులే వచ్చేవి. ఇజ్జత్‌నగర్‌లోని భారత పశువైద్య పరిశోధన సంస్థ రూపొందించిన కణవర్ధన టీకా 2020లో విడుదలై ఈ కొరతకు దారి చూపింది. అదే ఏడాది ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ అస్సాం, అరుణాచల్ ప్రదేశ్‌లలో తొలిసారి నిర్ధారణ అయింది.

వదిలేసిన పందులు పట్టణాల్లో మెదడువాపు వైరస్‌ను దోమల ద్వారా పెంచి పంచుతాయి. బహిరంగ మలవిసర్జన ఉన్న చోట బద్దెపురుగు గుడ్లు తిని, ఆ పురుగు పిల్లదశను కండల్లో మోస్తాయి. పురుగు గుడ్లు మనిషి కడుపులో చేరితే మెదడులో తిత్తులు ఏర్పడి మూర్ఛ వస్తుంది. ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు కనిపెట్టిన టీఎస్ఓఎల్18 టీకాను హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థ ‘సిస్‌వ్యాక్స్’ పేరుతో తయారుచేస్తోంది. ఆక్స్‌ఫెండజోల్ మందుతో కలిపి రెండు విడతలుగా ఇస్తే పందుల్లో ఈ తిత్తులు దాదాపు లేకుండా పోతాయి. పందులను దొడ్డిలో కట్టి పెంచడం, మరుగుదొడ్లు వాడటం, మాంసాన్ని తనిఖీ చేయడం తోడైతేనే ఆ ఫలితం నిలుస్తుంది.